సారంగపాణి ముక్కు

పినపాక
ఏప్రిల్ 2023

చందర్ అన్నయ్య గారికి,

సునంద నమస్కారాలు. ప్రసూన వదినను అడిగానని చెప్పండి.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని ఏమీ అనుకోవద్దు. ఆయన పోయిన దగ్గర నుంచి ఫోన్ చెవికి పెట్టుకుంటే నాకు మాట రావటం లేదు. అవతలి వాళ్లు హలో హలో అంటుంటే ఇటు నేను ఫోన్ పెట్టేస్తున్నాను. అంగన్‌వాడీలో ఏళ్ల తరబడి పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి ఇది. కాగితం మీదైతే ఏడవకుండా చెప్పగలను.

దవాఖానాకు వచ్చారు, దినాలకూ వచ్చారు. అప్పుడు మిమ్మల్ని పలకరించే స్థితిలో లేను. ఇప్పుడు ఒక సంగతి అడగాలి. అది మీరే చెప్పగలరు.

జరిగింది మీకు తెలుసు. ఫిబ్రవరిలో నేను అశ్వారావుపేటలో మా చెల్లెలు శారద ఇంటికి పోయాను. ఇంట్లో ఆయన ఒక్కరే. పొద్దున్నే చాయ్ పెట్టుకుందామని వంటింట్లోకి పోయి అగ్గిపుల్ల గీశారు. చలికి తలుపులు, కిటికీలు అన్నీ వేసి ఉన్నాయి. గదంతా గ్యాస్ నిండి ఉంది. నేను ఖమ్మం దవాఖానాకు చేరేసరికి కట్లు తప్ప మనిషి కనిపించలేదు. ఒక్క మాట మాట్లాడకుండానే పోయారు. పోలీసులు స్టవ్ వెనక పైపు చూపించారు. ఎలుక కొరికి ఉంది. ప్రమాదమని రాసుకున్నారు.

వాళ్లు రాసుకున్నారు గాని జనం ఒప్పుకోవటం లేదు. ఆయన ముక్కు సంగతి ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు ఎవరు? బొగ్గు బాయిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మన్‌గా ఉన్నప్పుడు, మూసేసిన పాత గల్లీలో బొగ్గు లోలోపల అంటుకుంటోందని మీటర్ల కన్నా ముందు ఆయన ముక్కే చెప్పింది. మీరే అప్పుడు మేనేజరు. ఆయన మాట నమ్మి షిఫ్టు మొత్తాన్ని పైకి పంపింది మీరే. ఆ రోజు బతికి బయటపడ్డవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. అట్లాంటి మనిషికి గది నిండిన గ్యాస్ తెలియలేదంటే ఎవరు నమ్ముతారు? తెలిసే గీసుకున్నాడు అంటున్నారు. పెనుబల్లిలో ఆయన అన్న, మా బొజ్జయ్య బావగారు దినాల నాడే నలుగురిలో అనేశారు.

"పక్కింట్లో పాలు పొంగితే మా తమ్ముడికి తెలిసేదమ్మా. ఇల్లంతా గ్యాస్ ఉంటే తెలవదా? నువ్వేమన్నావో, ఎందుకు పోయాడో నీకే తెలియాలి."

నేనేమన్నానో నాకు తెలుసు. నెలనెలా బస్సెక్కి ఖమ్మం వచ్చి మీ ఇంట్లో ఆ స్కాచి తాగటం నాకు నచ్చేది కాదు. అశ్వారావుపేట పోయే ముందు రోజు మాట పెరిగింది. "తాగుడుకు ఇంగ్లీషు పేరు పెట్టుకుంటే తీర్థమైతదా?" అన్నాను. "అది తాగుడు గాదు సునందా. అక్కడ నా ముక్కుకు ఇంకా ఇజ్జత్ ఉన్నది. రిటైరైనంక నాకు ఇంకేమున్నది చెప్పు" అన్నారు. పిల్లలు లేని ఇల్లు. నేనున్నాను కదా అని ఆయన అనలేదు. ఆ ఉక్రోషంతో "అయితే ఆ ముక్కునే కట్టుకో" అని బ్యాగు సర్దుకున్నాను.

ఆ మాటకు మనిషి చచ్చిపోతాడా అన్నయ్యా?

అంతకు ముందు శనివారమే మీ ఇంటికి వచ్చారు. ఎట్లా ఉన్నారు? దిగులుగా ఉన్నారా? ముక్కు ఎప్పటిలాగే పనిచేసిందా? అసలు ఆ మందులో ఏముంటుంది, ఆయన దేని వాసన చూసేవారు, నాకు అర్థమయ్యేట్టు రాయండి. మీరిచ్చిన సీసా సగం ఇంకా బీరువాలోనే ఉంది. పారబోయడానికి చెయ్యి రావటం లేదు.

మీ చెల్లెలు
సునంద

ఖమ్మం
మే 2023

చెల్లెమ్మ సునందకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగినవాటికి ఓపిగ్గా జవాబు రాయాలని ఈ ఆదివారం పెట్టుకున్నాను. సారంగపాణి గురించి రాయడమంటే నాకూ ఒక ఊరట.

ముందుగా, మేం తాగింది నువ్వనుకునే మందు కాదమ్మా. సింగిల్ మాల్ట్ అంటే ఒకే భట్టీలో, మొలకెత్తిన బార్లీ గింజలతో మాత్రమే తీసిన విస్కీ. స్పిరిట్‌కు రంగూ రుచీ కలిపి సీసాలకు ఎక్కించేది వేరు. ఇది ఓక్ పీపాల్లో ఏళ్ల తరబడి ఊరుతుంది. సారంగపాణికి ఇష్టమైనది స్కాట్లండ్ పడమటి దీవుల సరుకు. అక్కడ చెట్లు తక్కువ. చిత్తడి నేలల్లో ఎప్పటి నుంచో కుళ్లి, అణిగి, గట్టిపడిన నాచును పెళ్లలుగా కోసి, ఎండబెట్టి కాలుస్తారు. దాన్ని పీట్ అంటారు. బొగ్గు కాబోయి మధ్యలో ఆగిపోయిన మట్టి అనుకో. ఆ పొగ మీద బార్లీని ఆరబెడతారు. ఆ పొగ గింజలోకి పోతుంది, గింజలో నుంచి సారాలోకి పోతుంది, పదేళ్లు దాటిన తర్వాత కూడా గ్లాసులో నుంచి లేచి నీ మొహాన్ని తాకుతుంది. బొగ్గు బాయిలో బతికినవాడికి అది నచ్చకుండా ఎట్లా ఉంటుంది?

దాని వాసన చూడడానికి ఒక పద్ధతి ఉంది. గ్లాసు మొగ్గలా ఉండాలి, అడుగు వెడల్పు, నోరు ఇరుకు. కొంచెమే పోసి మెల్లగా తిప్పాలి. ముక్కు లోపలికి పెట్టి గట్టిగా పీలిస్తే ఘాటు తప్ప ఏమీ తెలియదు. పెదవులు కాస్త తెరిచి, పసిబిడ్డ తల వాసన చూసినంత నెమ్మదిగా చూడాలి. తర్వాత రెండు చుక్కలు నీళ్లు వెయ్యాలి. అప్పటిదాకా ముడుచుకుని ఉన్నవన్నీ విచ్చుకుంటాయి. మొదట పొగ. దాని వెనక దవాఖానాలో టింక్చర్ లాంటి వాసన. ఆ వెనక సముద్రపు ఉప్పు. అడుగున ఎక్కడో ఎండు పండ్ల తీపి. మింగాక గొంతులో పొగ చాలాసేపు నిలుస్తుంది. ఆ నిలవడాన్ని ఆస్వాదించడమే అసలు సంగతి.

మా శనివారం బృందంలో అందరూ చదువుకున్నవాళ్లే. ఒకరు తేనె అంటారు, ఒకరు వనిల్లా అంటారు, అన్నీ ఎక్కడో చదివిన మాటలు. సారంగపాణి మాత్రం కళ్లు మూసుకుని "వానకు తడిసిన బొగ్గు కుప్ప సార్" అనేవాడు. అందరూ తమ గ్లాసు మళ్లీ వాసన చూసుకునేవారు. కొత్తవాళ్లు ఎవరొచ్చినా నేను ముందు ఆయన్నే పరిచయం చేసేవాణ్ణి. ఇదిగో ఈ ముక్కు భూమిలో నిప్పును పట్టింది అని.

చివరి శనివారం సంగతి అడిగావు. హుషారుగా ఉన్నాడు. గ్లాసు అందుకోగానే "పొగ సార్, ఆ వెనక ఉప్పు" అన్నాడు. ఆ ముక్కుకు ముసలితనం రాలేదమ్మా. దిగులు నాకేమీ కనిపించలేదు. పోయే ముందు వారం దాకా మా మధ్య రాజులా కూర్చున్నాడు. ఆ మాట తలుచుకుని ధైర్యంగా ఉండు.

నీ అన్నయ్య
చందర్

పినపాక
జూన్ 2023

చందర్ అన్నయ్య గారికి,

ఊరట కోసం రాశానన్నారు. ఆ ఉత్తరం చదివిన రోజు నేను పొయ్యి వెలిగించలేదు.

ముక్కు బాగానే పనిచేసింది అంటే ఇంక వేరే దారి లేదు. గ్యాస్ వాసన తెలిసింది. తెలిసే గీశారు. నేను ఇన్నాళ్లూ లోపల ఎక్కడో చిన్న ఆశ పెట్టుకున్నాను, జలుబు చేసి ఉంటుందేమో, నిద్రమత్తులో ఉన్నారేమో అని. మీరు దాన్ని కూడా తీసేశారు.

నా తప్పు నేను మోస్తాను. కానీ ఒక్క మాటకు ఇంత శిక్షా? ముప్పై ఏళ్లు వండి పెట్టాను. బాయిలో మూడో షిఫ్టు నుంచి వచ్చేదాకా మేలుకుని ఉండేదాన్ని. సైరన్ మోగిన ప్రతిసారీ వాకిట్లో నిలబడి చచ్చి బతికాను. అంతా చేసిన మనిషిని, కోపంలో అన్న ఒక్క మాటకు, ఊరంతటి ముందూ హంతకురాలిని చేసి పోయాడు. పోయారు అని రాయబోయి పోయాడు అని రాశాను. కొట్టివేయను. గోడ మీద ఫోటో తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాను. దీపం పెట్టటం లేదు.

బొజ్జయ్య బావగారు కబురు పంపారు. ఈసారి పెత్తరామాసకు పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు తమ్ముడి పేరు తలవరట. "తనంతట తాను పోయినోణ్ణి పెద్దల్లో కలపం" అన్నారట. కబురు తెచ్చిన మనిషికి చాయ్ ఇచ్చి పంపాను.

ఆ కోపంలోనే బీరువా తెరిచి మీ సీసా తీశాను. మా ఇద్దరి మధ్యకు వచ్చింది ఏందో చూద్దామని. ఈ వయసులో మొదటిసారి. మీరు చెప్పిన గ్లాసు మా ఇంట్లో లేదు, ఉన్న గాజు గ్లాసులోనే కొంచెం పోశాను. మీరు రాసినట్టే తిప్పాను, పెదవులు తెరిచి మెల్లగా చూశాను. ఘాటు వచ్చింది. తర్వాత మాడిన చక్కెర వాసన. దగ్గు మందులో ఉండే తీపి. పొగ రాలేదు. రెండు చుక్కలు నీళ్లు వేశాను. పలచబడింది, అంతే. నాలుక మీద వేసుకున్నాను. మంట, చేదు. గొంతులో ఏదీ నిలవలేదు.

నాకు తెలియక అడుగుతున్నాను. మా పక్కన చేలల్లో తడి ఆకులు తగలబెడితే అంత దూరం నుంచి నాకు పొగ తెలుస్తుంది. గ్లాసు ముక్కు కింద పెట్టుకుంటే ఎందుకు తెలియలేదు? పోనీ పొగ సంగతి వదలండి. ఎంతమంది పిల్లల మోకాళ్లకు టింక్చర్ పూశానో లెక్కలేదు. ఆ వాసన ఉంటే నేను పట్టలేనా?

సునంద

ఖమ్మం
జులై 2023

చెల్లెమ్మకు,

పనుల ఒత్తిడిలో ఉన్నాను, పొడిగా రాస్తున్నందుకు ఏమనుకోకు.

మూత తీసిన సీసాలో గాలి చేరుతుంది. నెలలు గడిస్తే సువాసనలు ఎగిరిపోతాయి. ముందుగా పోయేది పొగే. పైగా అలవాటు లేనివాళ్లకు మొదటిసారి ఘాటు తప్ప ఏమీ తెలియదు, అది నీ తప్పు కాదు. మేం ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య అది.

ఆ సీసా ఇంట్లో ఉంటే నీకు మనశ్శాంతి ఉండదు. పారబొయ్యి. లేదా ఖమ్మం వచ్చేవాళ్ల చేత నాకు పంపించు, చూసి చెబుతాను. అదే మంచిది.

ఇక ఆయన సంగతి. మనిషి మనసులో ఏముందో ఎవరు చూశారమ్మా? రిటైరైనవాళ్లకు లోపల ఒక ఖాళీ ఉంటుంది. నాకూ ఉంది. కొందరు తట్టుకుంటారు, కొందరు తట్టుకోలేరు. తవ్వినకొద్దీ నీకే బాధ. భద్రాచలం పోయి దర్శనం చేసుకుని రా. కాలమే మాన్పుతుంది.

చందర్

పినపాక
సెప్టెంబర్ 2023

చందర్ అన్నయ్య గారికి,

సీసా పంపించమన్నారు. ఎవరి చేతనో ఎందుకని నేనే తెచ్చాను. మీరు హైదరాబాద్ పోయారని వదిన చెప్పే ఉంటుంది. ఏం మాట్లాడుకున్నామో చెప్పి ఉండదు. నేను చెబుతాను.

వదిన నన్ను చూసి సంతోషంగానే లోపలికి పిలిచింది. మంచినీళ్లు తెచ్చింది. సంచిలో నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టగానే మొహం మారిపోయింది.

"అది ఇక్కడ పెట్టకు సునందా. తీసుకపో."

"అన్నయ్యే పంపుమన్నడు వదినా. పొగ వాసన ఎందుకు రాలేదో చూసి చెప్తనన్నడు."

"అండ్ల పొగ ఎక్కడిది?" అన్నది వదిన. తర్వాత కాసేపు కొంగుతో బల్ల తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు. "అది వైన్ షాపుల దొరికే మామూలు మందు. ఖాళీ అయిన సీసాలో పొయ్యమని మీ అన్నయ్య ఇస్తే నా చేతులతోటే పోసిన."

నాకు అర్థం కాలేదు. ఎందుకు పోశారు అని అడిగాను.

"ఎందుకంటే ఏం చెప్పాలె. మీ ఆయనకు తేడా తెల్వదు గనుక. కరోనా వచ్చి తగ్గినంక ఆయనకు వాసన పోయింది గద."

నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"నీకు తెల్వదా?" అన్నది వదిన.

"తెల్వదు."

"అయ్యో, మా ఇంట్ల అందరికీ తెలుసు సునందా."

ఆ తర్వాత ఆపకుండా చెప్పింది. ఎవరికైనా చెప్పుకోవాలని ఎన్నాళ్ల నుంచో ఉన్నట్టుంది. ఒక శనివారం తను పొరపాటున ఆయనకు వేరే గ్లాసు అందించిందట. అందులో ఉన్నది రమ్ము. ఆయన కళ్లు మూసుకుని "పొగ సార్, ఉప్పు" అన్నారట. గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట.

"అప్పటి సంది అదొక ఆటైంది. ఈ శనివారం సారంగపాణి వస్తుండు, రండి అని ఒకరికొకరు ఫోన్లు చేసుకుందురు. ఏదో ఒకటి పోసుడు, ఆయన చెప్పుడు, ఆయన బస్సెక్కినంక వీళ్లు కడుపు పట్టుకొని నవ్వుడు. ఒకసారి కుర్చీ కింద ఫినాయిల్ల ముంచిన గుడ్డ పెట్టిండ్రు. హాలంత కంపు. నేను వంటింట్లకెల్లి ముక్కు మూసుకున్న. ఆయన గ్లాసు పట్టుకొని సముద్రం వాసన సార్ అన్నడు. మీ అన్నయ్య అవ్ అవ్ సముద్రమే అన్నడు."

"నువ్వు చెప్పలేదా వదినా, ఎవరికీ?"

"వాళ్లింట్ల చెప్పాలె గదా, డాక్టరుకు చూపిచ్చుకుంటరు అని ఒక్కసారి అన్న. చెప్తే ఇగ రాడు, ఆట పోతది అన్నడు. నేను మల్ల నోరు తెరవలే. నన్ను తిట్టు సునందా, తిట్టు."

వదినను తిట్టలేదు. లేచి వచ్చేశాను.

ఇల్లెందు దాటాక బస్సులో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వేసవి మొదట్లో వరండాలో కూర్చుని "అడవిల ఇప్పపువ్వు రాలుతున్నది సునందా" అనేవారు ఏటా. కరోనా తర్వాత ఆ రెండేళ్లూ ఆ మాట అనలేదు. ఒకనాడు పప్పు మాడిపోతే మారు మాట లేకుండా తిని బాగుంది అన్నారు. నా మీద ప్రేమ అనుకున్నాను. పొద్దున, సాయంత్రం స్నానం చేసేవారు. విప్పిన అంగీ నా చేతికిచ్చి "ఉతకాల్నా?" అని అడిగేవారు. ముసలితనంలో శుభ్రం ఎక్కువైంది అని నవ్వాను. తన ఒంటి వాసన తనకు తెలియక అడిగేవారు అన్నయ్యా. ఒకే ఇంట్లో ఉండి నేను కనిపెట్టలేదు. మీరు ఒక్క గ్లాసుతో కనిపెట్టారు.

ఎందుకు దాచుకున్నారో నాకిప్పుడు తెలుస్తోంది. ఆ ముక్కు లేకపోతే మీ హాల్లో ఓవర్‌మన్‌కు చోటు లేదు. అందుకే లేని పొగను గుర్తు తెచ్చుకుని చెప్పేవారు. మీరేమో నవ్వుకున్నారు.

నవ్వుకోండి. కానీ "చెల్లెమ్మా, సారంగపాణికి వాసన తెలుస్తలేదు, ఇంట్లో గ్యాస్ జాగ్రత్త" అని ఒక్క ఫోన్ చేసి ఉంటే నేను ఆయన్ని ఒంటరిగా వదిలి పోయేదాన్నా? ఎన్ని గొడవలైనా పోయేదాన్నా? అది పోనీయండి, అప్పుడు తట్టలేదనుకుందాం. పోయాక? ఎట్లా పోయారో నేను అడిగినప్పుడు? ఆ ముక్కుకు ముసలితనం రాలేదు అని రాశారు. తట్టుకోలేకపోయాడు అన్నట్టు రాశారు. చచ్చిపోయినవాడి మీదికి నన్ను ఎగదోశారు. నేను ఫోటో తీసి బియ్యం డబ్బా వెనక పెట్టాను.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒక్కటి ఉంది. పెత్తరామాస ముందే పెనుబల్లి రండి. మా బావగారి ముందు కూర్చుని, నా తమ్ముడిలాంటి సారంగపాణికి కరోనా తర్వాత వాసన లేదు, అది ప్రమాదం అని చెప్పండి. నేను చెబితే నా తప్పు కప్పుకోవడానికి అంటారు. వదిన అంత దూరం రాదు, వచ్చినా మీరు రానియ్యరు. మీరు మేనేజరు చేసిన మనిషి. మీ మాట నమ్ముతారు.

సునంద

ఖమ్మం
అక్టోబర్ 2023

సునందకు,

పెత్తరామాసకు రాలేకపోయాను. నడుము నొప్పి.

నీ ఉత్తరంలో కోపం ఉంది. అర్థం చేసుకోగలను. కానీ నా వైపు కూడా చూడు. నవ్వుకున్నాం, నిజమే. స్నేహితులు ఒకరి మీద ఒకరు నవ్వుకోరా? బాయిలో ఎంతమంది మీద ఎన్ని జోకులు వేసుకోలేదు? పైగా ముందు మోసం చేసింది ఎవరు? వాసన లేకుండా ఉన్నట్టు చెప్పి, మా అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసాలు ఇచ్చింది సారంగపాణి. మేం ఆ సంగతి ఆయన మొహం మీద అనలేదు. నలుగురిలో పరువు తీయలేదు. వచ్చిన ప్రతిసారీ మర్యాదగానే కూర్చోబెట్టాం. చెబితే ఆయన ఆ రోజే చచ్చిపోయేవాడు, ఆ సంగతి నీకన్నా నాకే బాగా తెలుసు.

గ్యాస్ సంగతి నాకు తట్టలేదు. ఎవరికి తడుతుంది?

పోయాక రాయకపోవడానికి కారణం నీకు తెలియనిదేమీ కాదు. నాకూ ఈ ఊళ్లో ఒక పేరుంది. మా బృందంలో పెద్ద పెద్ద వాళ్లున్నారు.

అయినా నీ కోసం వస్తాను. ఫిబ్రవరిలో సంవత్సరీకానికి పెనుబల్లి వచ్చి, ఆయనకు వాసన లేదన్న సంగతి అందరి ముందూ చెబుతాను. కాని సీసాల సంగతి, మా హాల్లో జరిగినవి అక్కడ రాకూడదు. నా మాట తర్వాత నువ్వు ఒక్క మాట కలపకూడదు. ఒప్పుకుంటేనే వస్తాను. ఇకపై ప్రసూనతో మాట్లాడవద్దు. ఆమెకు బీపీ ఎక్కువవుతోంది.

చందర్

పినపాక
నవంబర్ 2023

చందర్ అన్నయ్య గారికి,

పెత్తరామాస నాడు పెనుబల్లిలో తాతల పేర్లు, మా మామగారి పేరు, చిన్నప్పుడే పోయిన ఒక ఆడపడుచు పేరు కూడా తలిచారట. ఆయన పేరు తలవలేదు.

ఒప్పుకుంటున్నాను. రండి.

సునంద

పినపాక
మార్చి 2024

చందర్ గారికి,

సంవత్సరీకం నాడు మీరు తెల్ల బట్టల్లో కారు దిగగానే మా వాళ్లంతా లేచి నిలబడ్డారు. మా బావగారు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు. మీరు చాలా బాగా మాట్లాడారు. ఆ మాట రాయడానికే ఈ ఉత్తరం.

కరోనా తర్వాత ఆయనకు వాసన పోయిందని చెప్పారు. అంతవరకు మనం అనుకున్నదే. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఈ సంగతి సారంగపాణి నా ఒక్కడికే చెప్పుకున్నాడు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు కోసం ఏడాదిగా లోపల కుమిలిపోతున్నాను" అన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అక్కడున్న ఆడవాళ్లంతా ఏడ్చారు.

ఆ మాట మన ఒప్పందంలో లేదు. ఆయన మీకు ఏమీ చెప్పుకోలేదు. మీకు తెలియకూడదనే చివరిదాకా అవస్థ పడ్డారు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు, మీ వంటింట్లో నిలబడి విన్న వదినకూ తెలుసు. కానీ నేను ఒక్క మాట కలపకూడదు. కలిపితే అంతా మళ్లీ మొదటికొస్తుంది.

"మీరు చెప్పకపోతే మా తమ్ముడికి ఎంత అన్యాయం చేసేవాళ్లం సారూ" అని బావగారు మీ చేతులు కళ్లకద్దుకున్నారు. బంతిలో మిమ్మల్నే ముందు కూర్చోబెట్టారు. నేనే వడ్డించాను. మీరు పప్పు రెండోసారి వేయించుకుని బాగుందమ్మా అన్నారు.

మీరు పోయాక బావగారు నన్ను పక్కకు పిలిచారు. "తప్పైందమ్మా. నిన్ను చాలా మాటలన్నాను, మనసులో పెట్టుకోకు" అన్నారు. నేను తల ఊపాను. అంతటితో ఆగితే బాగుండేది. మళ్లీ అన్నారు.

"అయినా ఒక మాటమ్మా. స్నేహితుడికి చెప్పుకున్నవాడు కట్టుకున్నదానికి ఎందుకు చెప్పుకోలేదంటావు? నీ దగ్గర అంత భయమా వాడికి?"

కోపంతో అనలేదు. నిజంగానే అడిగారు. ఇప్పుడు పెనుబల్లిలో అందరూ అదే అనుకుంటున్నారు. చంపింది అన్న మాట పోయింది. మనసు విప్పి చెప్పుకోవడానికి కూడా పనికిరాని భార్య అన్న మాట వచ్చింది. దీనికి జవాబు చెప్పాలంటే మీ ఒట్టు అబద్ధమని చెప్పాలి. చెప్పలేదు. వచ్చే పెత్తరామాసకు ఆయన పేరు తలుస్తామన్నారు. అది చాలని ఊరుకున్నాను.

ఇంటికి వచ్చి ఫోటో తుడిచి గోడకు పెట్టాను. దండ వేశాను. ఎదురుగా కూర్చుని ఏడుద్దామనుకున్నాను. ఏడాదంతా ఆయన మీద కోపంతోనే గడిచింది. నన్ను ముద్దాయిని చేసి పోయాడని తిట్టుకుంటూ నిద్ర లేచాను, తిట్టుకుంటూ పడుకున్నాను. అన్యాయంగా కాలిపోయిన మనిషి కోసం ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. ఇప్పుడు కార్చుదామంటే రావటం లేదు. ఊళ్లో వాళ్లు పోయినవాళ్ల కోసం ఏడ్చి ఏడ్చి తేలికపడతారు. నాకు ఆ వేళ దాటిపోయింది. అది మీరు తిరిగి ఇవ్వగలిగింది కాదు.

ఇకముందు నాకు ఉత్తరాలు రాయకండి. వదినకు నా మీద కోపం లేదని తెలుసు, ఆమెను ఏమీ అనకండి.

రోజూ వంటింట్లోకి పోయినప్పుడల్లా నేను ఆయన్ని ఒకటే అడుగుతున్నాను. అది మిమ్మల్ని అడిగి లాభం లేదు, అయినా రాస్తున్నాను. మీ హాల్లో చోటు పోతుందని మీకు చెప్పలేదు. ఈ ఇంట్లో ఏ చోటు పోతుందని నాకు చెప్పలేదు?

సునంద